‘అట’ అన్న మాట: ప్రాథమిక తరగతుల చరిత్ర బోధనలో ఒక నైతిక ప్రశ్న

రుద్రమదేవి కథ విన్న ఎనిమిదేళ్ళ పిల్ల సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న ‘ఇది నిజంగా జరిగిందా?’ అన్నది. పేదరాశి పెద్దమ్మ కథ విన్నప్పుడు ఆ పిల్ల ఈ ప్రశ్న వేయదు. ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలో చిలుక ఉన్నదనీ, ఆ చిలుకలో మాంత్రికుడి ప్రాణం ఉన్నదనీ చెబితే అభ్యంతరం లేకుండా వింటుంది. కథకు ఒక న్యాయం, జరిగినదానికి మరొక న్యాయం ఉంటాయని ఆ వయసుకే తెలిసి ఉండటం వల్ల ప్రశ్న పుడుతున్నది. ఉపాధ్యాయుడు ‘జరిగింది’ అంటాడు. పిల్ల నమ్ముతుంది. ఆ నమ్మకానికి శాసనమో, తామ్రపత్రమో, యాత్రికుని వృత్తాంతమో ఆధారం కాదు. ఉపాధ్యాయుని మాట ఒక్కటే ఆధారం.

పై తరగతులలో పరిస్థితి వేరు. డిగ్రీ విద్యార్థి ఇద్దరు చరిత్రకారులను పోల్చి చూడగలడు, గ్రంథాలయానికి వెళ్ళగలడు, అధ్యాపకునితో విభేదించగలడు. మూడవ తరగతి విద్యార్థికి ఈ రక్షణలేవీ లేవు. చెప్పే విషయం చిన్నది కాబట్టి చెప్పేవారి బాధ్యత కూడా చిన్నదే అనుకోవడం వాడుకలో ఉన్న పొరపాటు. పరీక్షించుకునే శక్తి వినేవారికి ఎంత తక్కువగా ఉంటే, చెప్పేవారిమీద భారం అంత ఎక్కువగా పడుతుంది. ఆ భారం స్వరూపమేమిటి, దానిని మోయడానికి తెలుగు భాషలో ఏదైనా సాధనం ఉన్నదా అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

ప్రాథమిక పాఠశాలలో చరిత్ర అన్న పేరుతో విడి పాఠ్యాంశం లేదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం మూడు నుంచి ఐదవ తరగతి వరకు పరిసరాల విజ్ఞానాన్ని నిర్దేశించింది. సాంఘిక శాస్త్రంలో భాగంగా చరిత్ర వచ్చేది ఆ తరువాతి దశలోనే. అయినా పిల్లలకు చరిత్ర అంతకు ముందే అందుతున్నది. తెలుగు వాచకంలో మహనీయుల పాఠాలుగా, జయంతి సభల ఉపన్యాసాలుగా, తరగతి గోడమీది పటాలుగా, ఆగస్టు 15న విల్లంబులు పట్టి అల్లూరి సీతారామరాజుగా నిలబడే పిల్లవాని అట్టముక్క కిరీటంలేని వేషంగా అది వస్తున్నది. తెలుగు పిల్లలకు తొలి చరిత్ర పాఠం చెప్పేది చాలావరకు తెలుగు వాచకమే. కనుక ఈ ప్రశ్న చరిత్ర శాఖలకు ఎంత చెందుతుందో తెలుగు శాఖలకూ అంత చెందుతుంది.

చిన్నపిల్లలకు చరిత్ర అసలు వద్దన్న వాదానికి పెద్ద ప్రతినిధి రూసో. 1762లో వెలువడిన ‘ఎమిలీ’ రెండవ భాగంలో ఆయన ఒక ఉదంతం చెప్పాడు. అలెగ్జాండరుకు అతని వైద్యుడు ఫిలిప్పు విషం ఇవ్వబోతున్నాడని లేఖ వస్తుంది. అలెగ్జాండరు ఆ లేఖను వైద్యుని చేతికిచ్చి, అతడిచ్చిన మందును మారుమాట లేకుండా తాగేస్తాడు. ఈ కథను ఒక బాలుడు పెద్దల ముందు చక్కగా చెప్పాడు. తరువాత రూసో ఆ బాలుణ్ణి పక్కకు పిలిచి అడిగితే తేలినదేమంటే, వాడు మెచ్చుకున్నది అంత చేదు మందును ఒక్క గుక్కలో మింగిన ధైర్యాన్ని. కొద్ది రోజుల ముందే వానికి బలవంతంగా మందు తాగించారు. స్నేహితునిమీద విశ్వాసం, ప్రాణాన్ని పణంగా పెట్టడం మొదలైనవేవీ వాని ఊహకు అందలేదు. మనుషుల నడవడికి కారణాలు తెలియని వయసులో చరిత్ర వట్టి మాటల మూట అని రూసో నిర్ణయించాడు.

ఈ ఉదంతం రూసో అనుకున్నదానికంటే ఎక్కువ చెబుతున్నది. ఆ బాలుడు తన అనుభవంలోంచి అలెగ్జాండరును అర్థం చేసుకున్నాడు. చేదు వానికి తెలుసు, భయం తెలుసు. విశ్వాసం అన్న మెట్టు మీదికి ఎక్కించడానికి వానిని ఎవరూ మరొక ప్రశ్న అడగలేదు, అంతే. ఏ విషయాన్నైనా ఏ వయసు పిల్లలకైనా బౌద్ధికంగా నిజాయితీ ఉన్న ఏదో ఒక రూపంలో బోధించవచ్చునని జెరోమ్ బ్రూనర్ 1960లో ప్రతిపాదించినప్పుడు విద్యావేత్తలు ‘ఏ వయసుకైనా’ అన్న భాగాన్ని పట్టుకొని చాలా చర్చించారు. ‘నిజాయితీ ఉన్న రూపం’ అన్న షరతుమీద దృష్టి అంతగా నిలవలేదు. చరిత్ర విషయంలో బరువంతా ఆ షరతులోనే ఉంది.

ఎదుటి కొనలో ప్లేటో ఉన్నాడు. పసివారికి మొదట చెప్పేవి కల్పిత కథలేననీ, వాటిని పాలకులు ఎంచి చెప్పించాలనీ ‘రిపబ్లిక్’లో ఆయన అన్నాడు, పౌరులంతా ఒకే నేలతల్లి బిడ్డలని నమ్మించే ఉదాత్తమైన అబద్ధాన్ని కూడా సమర్థించాడు. పేరు చెప్పకపోయినా చాలా పాఠశాలల ఆచరణ ఈ కొన వైపే మొగ్గుతుంది. పిల్లలకు ముందు స్ఫూర్తి కావాలి, నిజానిజాలు పెద్దయ్యాక చూసుకుంటారు అన్న మాట ఉపాధ్యాయ శిక్షణలో తరచు వినిపిస్తుంది. ఇందులోని చిక్కు ఏమంటే, ప్రాథమిక పాఠశాలలో విన్న చరిత్రను తరువాత సరిచూసుకునే అవకాశం చాలామందికి రాదు. పదవ తరగతి తరువాత చరిత్రను వదిలేసినవారికి చిన్ననాటి పాఠమే చివరి దాకా మిగులుతుంది. పైగా, స్ఫూర్తి కోసం చెప్పిన మాట అబద్ధమని తరువాత తెలుసుకున్నవాడు ఆ ఒక్క మాటను మాత్రమే వదులుకోడు. చెప్పినవారిని కూడా వదులుకుంటాడు.

చెప్పేవారిమీద నమ్మకం అన్న ఈ విషయాన్ని భారతీయ తర్కశాస్త్రం సూక్ష్మంగా పరిశీలించింది. నైయాయికులు శబ్దాన్ని ప్రమాణంగా అంగీకరిస్తూ, అది ఆప్తుని మాట అయి ఉండాలన్నారు. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్లే చెప్పాలన్న కోరిక ఉన్నవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యునికీ, మ్లేచ్ఛునికీ సమానంగా వర్తిస్తుందని వాత్స్యాయనుడు తన భాష్యంలో వివరించాడు. పుట్టుకనుబట్టి గాక ఎరుకనుబట్టి, నిజాయితీనిబట్టి ఆప్తత్వం నిర్ణయమవుతుంది. ఇక ఐతిహ్యం అంటే ఫలానా వ్యక్తి చెప్పాడని తెలియకుండా పరంపరగా వస్తున్న మాట. పౌరాణికులు దానిని ప్రత్యేక ప్రమాణమన్నారు. నైయాయికులు అంగీకరించక శబ్దంలోనే చేర్చారు. వక్త ఎవరో తెలియని మాటకు విడిగా అధికారం ఇవ్వడానికి వారు ఒప్పుకోలేదన్నమాట. ఈ కొలతతో చూస్తే ప్రాథమికోపాధ్యాయుని స్థితి విచిత్రమైనది. అతడు రుద్రమదేవిని చూడలేదు, శాసనాన్ని చదవలేదు. పిల్లల దృష్టిలో ఆప్తుడు. వాస్తవానికి అతని చేతిలో ఉన్నది ఐతిహ్యం. ఐతిహ్యాన్ని ఐతిహ్యంగా చెప్పినంతవరకు అతని ఆప్తత్వానికి లోటు లేదు. తాను చూసినట్లు చెప్పినప్పుడే లోటు.

ఇక్కడ తెలుగు భాష ఒక సహాయం చేస్తున్నది. ‘తాతయ్య ఊరికి వెళ్ళాడు’, ‘తాతయ్య ఊరికి వెళ్ళాడట’ అన్న రెండు వాక్యాల తేడా తెలుగు ఇంట పుట్టిన నాలుగేళ్ళ పిల్లకు తెలుసు. మొదటిదానికి తాను సాక్షి. రెండవదానికి ఎవరో చెప్పగా విన్నది మాత్రమే. బడి నుంచి పరుగెత్తుకొచ్చి ‘రేపు సెలవట!’ అన్న పిల్లవాడు, సెలవు లేకపోతే తప్పు తనది కాదని కూడా ఆ ఒక్క మాటలోనే చెప్పుకుంటున్నాడు. ఆధారం, సాక్ష్యం, ప్రామాణికత అన్న మాటలు వాడికి తెలియవు. వాటి మధ్య భేదం మాత్రం నాలుకమీద ఉంది. కన్నడంలో ‘అంతె’, తమిళంలో ‘ఆమ్’ ఇటువంటి పనే చేస్తాయి. కథ మొదలుపెట్టే ‘అనగనగా’ కూడా అనడం మీదనే నిలిచిన మాట: ఎవరో అనగా, మరెవరో అనగా. పిల్లలకు చారిత్రక దృష్టి అలవడే వయసు రాలేదని వాదించేవారు, ఆ దృష్టికి మూలమైన వ్యాకరణం బడికి రాకముందే వారికి అలవడిందన్న సంగతిని గమనించవలసి ఉంది.

పాఠ్యపుస్తకం ఈ వ్యాకరణాన్ని పక్కన పెడుతుంది. అక్కడ ప్రతి వాక్యమూ ‘పాలించాడు’, ‘కట్టించాడు’, ‘ఓడించాడు’ అని ముగుస్తుంది. రచయిత కళ్ళారా చూసినట్లు ఉండే ఈ భూతకాల క్రియలో శాసనం నుంచి వచ్చినదీ, కావ్యం నుంచి వచ్చినదీ, ఊహ నుంచి వచ్చినదీ ఒకే రంగు పులుముకుంటాయి. రుద్రమదేవి పాఠం దీనికి మంచి ఉదాహరణ. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఒకటి ఉంది. పువ్వుల ముమ్మడి అనే భటుడు, శివసాయుజ్యం పొందిన రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకునికీ పుణ్యం కలగాలని దేవునికి భూమిని దానం చేశాడని అందులో ఉంది. ఆ శాసనం వెలుగులోకి రాకముందు, ఆమె పాలన 1295 వరకు సాగిందని రాసిన చరిత్రకారులు ఉన్నారు. ఒక రాయి బయటపడి వారి లెక్కను మార్చింది. అయితే ఆమె ఎలా మరణించిందో శాసనం చెప్పదు. రాణి, సేనాని ఒకేసారి మరణించడాన్నిబట్టి, కాయస్థ అంబదేవునితో జరిగిన యుద్ధంలో ఇద్దరూ పడిపోయి ఉంటారని చరిత్రకారులు ఊహించారు. ఊహ బలమైనదే. కాని అంబదేవుడు ఆమెను చంపిన వైనాన్ని రంగురంగుల బొమ్మతో వర్ణించే పాఠం, ఊహను సాక్ష్యంగా మార్చివేస్తున్నది.

దీనిని మూడవ తరగతి స్థాయిలో చెప్పడం కష్టం కాదు. రుద్రమదేవి ఓరుగల్లును ఏలింది. ఆమె చనిపోయిన సంగతి చందుపట్లలో రాతిమీద రాసి ఉంది. యుద్ధంలో చనిపోయి ఉంటుందని పెద్దలు అనుకుంటున్నారు. మూడు చిన్న వాక్యాలు, మూడు వేరు క్రియలు. ‘ఏలింది’, ‘రాసి ఉంది’, ‘అనుకుంటున్నారు’ అన్న వాటి మధ్య తేడా పిల్లలకు వివరించనక్కరలేదు, వినిపిస్తే చాలు. ఇంకొక మెట్టు పైకి, అంటే ఐదవ తరగతికి వెళితే, మార్కోపోలో వృత్తాంతాన్ని కూడా తేవచ్చు. మోటుపల్లి రాజ్యాన్ని ప్రజల ప్రేమ పొందిన ఒక రాణి ఏలుతున్నదనీ, ఆమె చనిపోయిన రాజు భార్య అనీ అందులో ఉంది. మన శాసనాలు ఆమెను గణపతిదేవుని కూతురుగా చెబుతున్నాయి. దూరదేశపు వర్తకుడు రాణి ఉన్నదని సరిగానే చెప్పాడు, బంధుత్వం మాత్రం తప్పుగా చెప్పాడు. ఒకే మనిషి మాటలో నిజమూ పొరపాటూ కలిసి ఉంటాయన్న ఎరుక పదేళ్ళ వయసులో కలిగితే, అది రుద్రమదేవి గురించిన ఎరుక మాత్రమే కాదు. పైగా ఆ శాసనాలలోనే ఆమె పేరు ‘రుద్రదేవ మహారాజు’ అని మగపేరుగా కనిపిస్తుందన్న సంగతి ఏ తరగతి గదినైనా ఒక గంటసేపు మేల్కొలుపుతుంది.

విజయనగరం విషయంలో చిక్కు మరోరకంగా ఉంది. హంపీ వీధులలో రత్నాలు రాశులు పోసి అమ్మారన్న వాక్యం వినని తెలుగు విద్యార్థి ఉండడు. అది నేరుగా కృష్ణదేవరాయల కాలానికి అంటుకొని ఉంటుంది. విజయనగరం అంగడిలో ముత్యాలు, కెంపులు, పచ్చలు, వజ్రాలు బహిరంగంగా అమ్ముతున్నారని రాసిన అబ్దుల్ రజాక్ అక్కడికి వచ్చినది 1443లో, రెండవ దేవరాయల కాలంలో. రాయలు సింహాసనమెక్కినది 1509లో. రాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేయిస్ కూడా రత్నాల అమ్మకం గురించి రాశాడు కనుక వాక్యం పూర్తిగా తప్పు కాదు. కాని లోకస్మృతి ఇద్దరు సాక్షులను చెరిపివేసి, ‘రాశులు’ అన్న ఒక్క మాటను నిలుపుకున్నది. సాక్షులను తిరిగి తెస్తే పిల్లలకు అడగడానికి ప్రశ్నలు దొరుకుతాయి: ఎవరు కొన్నారు? గనిలో ఎవరు తవ్వారు? వారి ఇంట్లో ఒక్క రత్నమైనా ఉన్నదా? తెనాలి రామకృష్ణుని సంగతి ఇంకా తేలిక. ‘పాండురంగ మాహాత్మ్య’ కర్త రాయల ఆస్థానంలో ఉన్నాడా, తరువాతి తరం వాడా అన్నదానిలో సాహిత్య చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. అందువల్ల పిల్లి, పాలు కథను పిల్లల నుంచి లాక్కోవలసిన పని లేదు. ‘అట’ చేర్చి చెబితే కథ రుచి తగ్గదు. నిజానికి తాతమ్మలు ఆ కథలను అలాగే చెప్పారు. అచ్చులోకి వచ్చాకనే ‘అట’ రాలిపోయింది.

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి ‘అట’ ఒక వినయ సూచకమనీ, దానిని వాడితే బాధ్యత తీరిపోతుందనీ అనిపించవచ్చు. అక్కడే అసలు ప్రమాదం ఉంది. ‘పూర్వం కొందరిని బావి దగ్గరికి రానిచ్చేవారు కాదట’ అన్న వాక్యాన్ని పరిశీలించాలి. ఊరి చివరి వాడ నుంచి వచ్చిన పిల్ల అదే తరగతిలో కూర్చొని ఉంది. ఆమె అవ్వకు అది ‘అట’ కాదు. రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అస్పృశ్యతను రద్దు చేసి డెబ్భై ఏళ్ళు దాటినా, కొన్ని ఊళ్ళలో ఆ పిల్లకే అది ‘అట’ కాదు. సాక్షులు బ్రతికి ఉన్న విషయాన్ని వినికిడిగా మార్చడం వినయం కాదు, తప్పించుకోవడం. రాయల రత్నాలకు నిశ్చయార్థక క్రియ, వెట్టిచాకిరీకి ‘అట’ వాడే పాఠం ఆధారాల బరువును తలకిందులు చేస్తున్నది. నిజానికి రెండవదానికే సాక్ష్యం దగ్గరగా, దట్టంగా ఉంది.

ఇటువంటి తప్పించుకోవడానికి ‘అట’ ఒక్కటే మార్గం కాదు. హైదరాబాదులో అస్పృశ్య కులాల పిల్లల కోసం బడులు నడిపిన భాగ్యరెడ్డి వర్మ (1888–1939) గురించి పాఠం రాసేటప్పుడు ‘ఆ పిల్లలు బడికి రాలేకపోయేవారు’ అని రాయవచ్చు. ‘ఆ పిల్లలను బడికి రానిచ్చేవారు కాదు’ అనీ రాయవచ్చు. మొదటి వాక్యంలో అడ్డు ఎవరూ లేరు, అశక్తత మాత్రమే ఉంది. వానకు రాలేకపోయినట్లు, జ్వరానికి రాలేకపోయినట్లు ఉంది. రెండవ వాక్యం కర్తను పేరు పెట్టి పిలవకపోయినా, కర్త ఉన్నాడని ఒప్పుకుంటున్నది. పసిమనసు నొచ్చుకుంటుందన్న పేరుతో మొదటి వాక్యాన్ని ఎంచుకునేవారు ఎవరి పసిమనసు అన్న ప్రశ్న వేసుకోవాలి. తన వాళ్ళు ఏదో చేతగాక బడికి రాలేదని నమ్ముతూ పెరిగే పిల్ల మనసు కూడా పసిదే.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. అదే తరగతిలో, అడ్డుకున్నవారి మునిమనవడు కూడా కూర్చొని ఉంటాడు. వాడు చేయని పనికి వాడు తలదించుకోవాలా? ఈ అభ్యంతరాన్ని తేలికగా తోసివేయడం న్యాయం కాదు. తొమ్మిదేళ్ళ పిల్లవాడు ‘మా తాత’కూ ‘నేను’కూ మధ్య పెద్దల వలె గీత గీసుకోలేడు. ఆ గీతను గీసి ఇవ్వడం ఉపాధ్యాయుని పని: తాత చేసినది నీవు చేసినది కాదు, అయినా అది జరిగింది. రెండు భాగాలలో ఏది వదిలినా మిగిలినది అబద్ధమవుతుంది. హింస వివరాలను ఆ వయసుకు చెప్పనక్కరలేదు. వయసునుబట్టి వదలడం, మార్చడం ఒకటి కావు. కాని ఏ పాఠంలో చూసినా వదిలేది ఒక పక్షపు బాధనే అయితే, ఆ వదలడం కూడా మార్చడమే అవుతుంది.

పరిసరాల విజ్ఞానంలో సర్వసాధారణమైన వంశవృక్షం అభ్యాసం ఈ చిక్కును రోజూ తరగతి గదిలోకి తెస్తున్నది. తాత ముత్తాతల పేర్లు రాసుకొని రమ్మంటారు. పుస్తకం దగ్గరే కాక ఇంటి దగ్గర కూడా చరిత్ర ఉందని నేర్పే మంచి ప్రయత్నమిది. కాని ఒక పిల్లవాడు భూమి కాగితాలలోంచి ఐదు తరాల పేర్లు తెస్తాడు. వలస కూలీల బిడ్డ తాత పేరు దగ్గరే ఆగిపోతుంది. వసతి గృహంలో పెరిగే పిల్ల ఖాళీ చెట్టును గీస్తుంది. కాగితం ఉన్నవారికే గతం ఉన్నదన్న పాఠాన్ని ఏ వాక్యమూ లేకుండానే తరగతి నేర్చుకుంటుంది. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) ఇక్కడ దారి చూపగలదు. రాజుల వంశావళులను పక్కన పెట్టి తిండి, బట్ట, ఆట, పండుగలను ఆయన కావ్యాల నుంచి ఏరి కూర్చాడు. ముత్తాత పేరుకు బదులు ‘మీ ఇంట్లో పెద్దవారు లేదా మీకు తెలిసిన ముసలివారు చిన్నప్పుడు ఆడిన ఆట’ అని అడిగితే ఏ పిల్లా ఉత్త చేతులతో రాదు. తెచ్చిన ప్రతి మాటా ‘అట’తోనే ముగుస్తుంది, ఈసారి చెప్పిన మనిషి ఎవరో కూడా తెలుసు.

పెద్దలు తేల్చుకోని సంగతులు పిల్లల చెవిన పడకుండా ఉండవు. తెలంగాణలో సెప్టెంబరు 17న జెండా ఎగురుతుంది. ఒక వేదికమీద విమోచన అంటారు, మరొక చోట విలీనం అంటారు, విద్రోహం అన్నవారూ ఉన్నారు. 1948లో ఆ రోజున నిజాం కాల్పుల విరమణ ప్రకటించి లొంగిపోయాడన్నదానిలో ఎవరికీ పేచీ లేదు. పేచీ పేరు దగ్గర ఉంది. ఐదవ తరగతి ఉపాధ్యాయుడు ఒక పేరును ఎంచి మిగిలినవాటిని దాచనక్కరలేదు. ‘జరిగింది ఇది, దీనిని ఇలా పిలిచేవారు ఉన్నారు, అలా పిలిచేవారూ ఉన్నారు’ అనవచ్చు. అలా అనడానికి అతనికి స్వేచ్ఛ ఉన్నదా అన్నది వేరే ప్రశ్న. ఉపాధ్యాయుని నైతికత గురించి మాట్లాడేవారు అతని పైఅధికారుల నైతికత గురించి కూడా మాట్లాడవలసి ఉంటుంది.

భారమంతా ఉపాధ్యాయునిమీద వేయడం మరో విధంగా కూడా అన్యాయం. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతులను ఒక్కరే చూసుకునే చోట, ప్రతి పాఠానికీ ఆధారాలు వెతికి చెప్పమనడం మాటలకే పరిమితమవుతుంది. అందువల్ల మొదటి బాధ్యత వాచక రచయితలది, సంపాదకులది. వారిలో చాలామంది తెలుగు శాఖలలో చదివి వచ్చినవారే. మహనీయుల పాఠం చివర ‘పదాలు – అర్థాలు’ ఇస్తారు, ఖాళీలు ఇస్తారు, జతపరచమంటారు. వాటితోపాటు ‘ఎలా తెలిసింది?’ అన్న శీర్షిక కింద రెండు వాక్యాలు ఇవ్వడానికి పుట పెరగదు. రుద్రమదేవి పాఠానికి చందుపట్ల రాయి, హంపీ పాఠానికి ఇద్దరు యాత్రికులు, భాగ్యరెడ్డి వర్మ పాఠానికి ఆయనను ఎరిగినవారి మాటలు, నాటి పత్రికలు ఆ రెండు వాక్యాలలో ఇముడుతాయి. ఎంత వెతికినా ఆ శీర్షిక కింద రాయడానికి ఏమీ దొరకని పాఠాన్ని కథల విభాగంలోకి మార్చవచ్చు. అక్కడ దానికి లోటేమీ ఉండదు. పిల్లలు ఇంకా ఇష్టంగా చదువుతారు.